యంత్రమా, పద్ధతియా?

కంప్యూటరు అనే మాట వినగానే వేగం అనే భావం మనస్సులో మెదలుతుంది. క్షణకాలంలో కోట్ల లెక్కలు చేయగల యంత్రాలు నేడు కార్యాలయాలలోనే గాక మన జేబులలోకి కూడా వచ్చి చేరినవి. అయినప్పటికీ దుకాణంలోనో, బ్యాంకులోనో, కళాశాల కార్యాలయంలోనో "సిస్టమ్ స్లోగా ఉన్నది, కొంచెం ఆగండి" అనే మాట వినని వారం ఉండదు. ఆ మాట వెంటనే మరొక మాట కూడా వినవస్తుంది: "ఈ యంత్రం పాతబడినది, కొత్తది కొనవలసిందే." మొదటి మాట రోగలక్షణాన్ని తెలుపుతున్నది, రెండవ మాట ఔషధాన్ని నిర్ణయిస్తున్నది. ఈ రెంటి నడుమ రోగనిర్ణయం అనే మెట్టు ఒకటి ఉన్నది. దానిని దాటివేసి ఔషధం కొన్నవారికి ధనవ్యయమే గాని స్వస్థత చేకూరకపోవడంలో ఆశ్చర్యం లేదు. తలగడ మార్చితే తలనొప్పి పోవునా?

ఈ వ్యాసంలో మేము ఆ నడిమి మెట్టును గూర్చి విచారింపదలచినాము. ప్రోగ్రాము నెమ్మదించడానికి అనేక సందర్భాలలో కారణం పని అమర్చిన తీరులోని లోపమేనని, ఆ తీరును సరిదిద్దినట్లయితే ఉన్న యంత్రంతోనే పని నెరవేరుతుందని చూపడం మా ఉద్దేశం. ఇది పరీక్షకు పనికివచ్చే పాఠ్యాంశం మాత్రమే అనుకోరాదు. పెద్ద సంస్థకు నాలుగు యంత్రాలు కొనడం చిన్న విషయం కావచ్చు. చిన్న దుకాణదారునికి, పరిమితమైన నిధులతో నడిచే విద్యాసంస్థకు, అప్పు చేసి కుమార్తెకో కుమారునికో ల్యాప్‌టాప్ కొనియిచ్చిన తండ్రికి అది చిన్న విషయం కాదు. అట్టివారు సలహా కోసం వచ్చేది కంప్యూటరు చదువుకొన్న మన విద్యార్థుల వద్దకే. అప్పుడు వారికి మనం ఏమి చెప్పుతామనేదే ఇక్కడి ప్రశ్న.

చిట్టా, ఆవర్జా

అబిడ్స్‌కు, నాంపల్లి రైలుస్టేషనుకు అందుబాటు దూరంలో ఉన్న ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారానికి పేరుపొందిన స్థలం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరే ఆ గంజ్‌కు వచ్చినది. బస్తాలు మోసే హమాలీలు, తూకపు కాటాలు, తెలుగు ఉర్దూ మార్వాడీ మాటలు కలగలిసిన బేరసారాలు, ఇవన్నీ ఆ వీధుల నిత్యదృశ్యాలు. ఇట్టి వ్యాపారంలో గుమాస్తాలు తరతరాలుగా రెండు రకాల పుస్తకాలు వ్రాస్తూ వచ్చారు. మొదటిది చిట్టా. ఉర్దూలో దానిని రోజ్‌నామ్చా అంటారు. ఏ రోజు జరిగిన లావాదేవీని ఆ రోజే, జరిగిన వరుసలోనే అందులో వ్రాస్తారు. రెండవది ఆవర్జా. దానినే ఖాతా బహీ అని కూడా పిలుస్తారు. అందులో ఒక్కొక్క ఖాతాదారునికి ఒక్కొక్క పుట ఉంటుంది. చిట్టాలోని ప్రతి పద్దును తరువాత ఆవర్జాలోని తగిన పుటకు ఎక్కిస్తారు. ఆవర్జా మొదట్లో పేర్ల పట్టిక ఉంటుంది. ఎవరి పుట ఏ సంఖ్యగలదో ఆ పట్టిక చెపుతుంది.

ఒకే విషయాన్ని రెండుసార్లు వ్రాయడం వృథా శ్రమ అని తోచవచ్చు. అయితే ఒక ఖాతాదారుడు వచ్చి "నా బాకీ ఎంత?" అని అడిగినాడనుకొందాము. చిట్టా ఒక్కటే ఉన్నట్లయితే గుమాస్తా సంవత్సరం పొడుగునా గల పుటలన్నీ తిరగవేయవలసి వస్తుంది. ఆవర్జా ఉన్నందువలన ఒక్క పుట తెరిస్తే చాలును. చిట్టా మాత్రమే ఉంచుకొని, వెదకడం ఆలస్యమవుతున్నదని యజమాని మరి ముగ్గురు గుమాస్తాలను నియమించినాడంటే ఆ వీధిలో నవ్వనివారు ఉండరు. నేడు కంప్యూటర్ల విషయంలో మనం తరచుగా చేస్తున్నది ఆ పనియే. పుస్తకం అమరిక మార్చడానికి బదులుగా గుమాస్తాల సంఖ్యను పెంచుతున్నాము.

పని చేసే క్రమాన్ని కంప్యూటరు శాస్త్రంలో అల్గారిథమ్ అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో గణిత, ఖగోళ శాస్త్రాలను సుసంపన్నం చేసిన అల్-ఖ్వారిజ్మీ పేరు నుండియే ఈ పదం పుట్టినది. యంత్రం పుట్టడానికి వెయ్యి సంవత్సరాలకు పైగా పూర్వమే క్రమం పుట్టినదన్న సంగతి గమనింపదగినది.

ఒక లెక్క

మాటలకంటె లెక్క స్పష్టమైనది గనుక ఒక ఉదాహరణను తీసుకొందాము. ఒక టోకు దుకాణంలో 2,000 మంది ఖాతాదారులు, కొన్ని సంవత్సరాల వ్యాపారం వలన చేరిన 2,00,000 పద్దులు ఉన్నవనుకొందాము. ప్రతి సాయంకాలం అందరి బాకీల జాబితా తీయవలెను. దుకాణంలోని కంప్యూటరు ఒక సెకండులో 10 లక్షల పద్దులు చదవగలదని ఊహింపుడు.

మొదటి పద్ధతి ఇది. మొదటి ఖాతాదారుని పేరు తీసుకొని, చిట్టా మొత్తం చదివి, అతని పద్దులను ఏరి కూడవలెను. తరువాత రెండవ పేరు తీసుకొని మరల చిట్టా మొదటి నుండి చివరి వరకు చదవవలెను. ఈ విధంగా 2,000 సార్లు చిట్టాను చదవడం జరుగుతుంది. మొత్తం చదివిన పద్దులు 40 కోట్లు; పట్టే కాలం 400 సెకండ్లు, అనగా 6 నిమిషాల 40 సెకండ్లు. ప్రోగ్రాము వ్రాసిన వారు ఇంత అవివేకంగా వ్రాస్తారా అని సందేహం కలుగవచ్చు. నిజానికి ఈ తప్పు కంటికి కనిపించదు. ప్రోగ్రాము వ్రాసిననాడు పరీక్ష కోసం 20 పేర్లు, 200 పద్దులు మాత్రమే ఉంటవి. అప్పుడు జరిగే పని 4,000 పద్దులు చదవడమే గనుక జాబితా రెప్పపాటులో వచ్చేస్తుంది. దుకాణం పెరిగిన కొలది లోపం బయటపడుతుంది. అప్పటికి వ్రాసినవారు దగ్గర ఉండరు. యంత్రం మాత్రమే ఎదుట ఉంటుంది. నింద దానిపై పడుతుంది.

రెండవ పద్ధతి ఇది. 2,000 గళ్ళు గల ఒక పట్టికను మెమొరీలో ఏర్పరచి, చిట్టాను ఒకే ఒక్కసారి చదువుతూ, ఏ పద్దు ఎవరిదో వారి గడిలో ఆ మొత్తాన్ని కలుపుతూ పోవలెను. చదివినవి 2 లక్షల పద్దులు. పట్టే కాలం సెకండులో అయిదవ వంతు. గళ్ళలో కలపడానికి పట్టే స్వల్పకాలాన్ని చేర్చినప్పటికీ జాబితా అడిగిన మరుక్షణమే సిద్ధమవుతుంది.

ఇప్పుడు కొత్త యంత్రం సంగతి చూతము. రెండింతలు వేగం గల యంత్రాన్ని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుండి కొని తెచ్చి, మొదటి పద్ధతినే దానిపై నడిపినామనుకొందాము. 400 సెకండ్లు 200 సెకండ్లు అవుతవి. కొంత సంతోషం కలుగుతుంది. కాని వ్యాపారం వృద్ధి చెంది ఖాతాదారులు 4,000 మంది, పద్దులు 4,00,000 అయిననాడు చదవవలసినవి 160 కోట్లు. కొత్త యంత్రానికి కూడా 800 సెకండ్లు పట్టును. పాత యంత్రం మొదట తీసుకొన్న కాలానికి ఇది సరిగా రెండింతలు! డబ్బు ఖర్చయినది; నిరీక్షణ పెరిగినది. రెండవ పద్ధతిలోనైతే పాత యంత్రమే సెకండులో రెండు అయిదవ వంతులలో పని ముగిస్తుంది.

ఇందులోని సూత్రం ఏమనగా, యంత్రం వేగాన్ని ఒక గుణకంతో మాత్రమే పెంచగలదు. పద్ధతి పని పెరిగే తీరునే మార్చగలదు. మొదటి పద్ధతిలో వ్యాపారం రెండింతలైతే పని నాలుగింతలవుతుంది. రెండవ పద్ధతిలో రెండింతలే అవుతుంది. నాలుగింతలుగా పెరిగే పనిని రెండింతల యంత్రంతో తరుముకొంటూ పోయేవారికి ఏనాటికైనా ఓటమి తప్పదు.

వెదకడంలో కూడా ఇదే న్యాయం. 2,00,000 పేర్లు వరుస లేకుండా ఉన్నట్లయితే ఒక పేరు కోసం కడపటి వరకు చూడవలసి రావచ్చును. అక్షరక్రమంలో ఉన్నట్లయితే నిఘంటువు చూచినట్లు మధ్యను తెరిచి, వెదకే పేరు ముందున్నదో వెనుకనున్నదో తేల్చుకొని, మిగిలిన సగాన్ని మరల సగం చేస్తూ పోతే 18 పరీక్షలకు మించి అవసరం ఉండదు. పేర్లు రెండింతలైతే అదనంగా ఒక్క పరీక్ష చాలును. ఆవర్జా ముందుండే పేర్ల పట్టిక చేసే ఉపకారాన్నే కంప్యూటరులో సూచిక, అనగా ఇండెక్స్, చేస్తుంది.

మన చరిత్రలోని నిదర్శనాలు

ఈ విచారణ మన నగరానికి కొత్తది కాదు. 1967లో హైదరాబాదులో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1970 దశకంలో టి.డి.సి.-12, టి.డి.సి.-316 అనే కంప్యూటర్లను తయారుచేసినది. వాటి మెమొరీ నేటి ఫోనులోని ఒక్క ఛాయాచిత్రం పట్టడానికి కూడా చాలదు. విదేశీ యంత్రాలను కావలసినన్ని తెప్పించుకొనే వీలు ఆనాడు లేదు. 1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశం నుండి నిష్క్రమించినది కూడా. ఇట్టి పరిస్థితిలో "పెద్ద యంత్రం కొందాము" అనే ఉపాయం ప్రోగ్రాము వ్రాసేవారికి అందుబాటులో లేదు. పనిని యంత్రానికి సరిపోయేటట్లు మలచుకోవడం తప్పనిసరి అయినది. కొరత కోరదగినది కాదు. అయినా అది నేర్పిన పొదుపు మాత్రం నేర్చుకోదగినదే.

రైల్వే రిజర్వేషన్ల చరిత్ర మరొక నిదర్శనం. కంప్యూటర్లు రాని కాలంలో ఒక్కొక్క రైలుకు ఒక్కొక్క రిజిస్టరు ఉండేది. ఆ రిజిస్టరు ఏ కౌంటరులో ఉంటే ఆ రైలు టిక్కెట్టు అక్కడనే ఇవ్వవలసి ఉండేది. ఒక కిటికీ ముందు బారులు తీరిన జనం, పక్క కిటికీ ముందు ఎవరూ లేకపోవడం అందువలననే సంభవించేది. 1985లో న్యూఢిల్లీలో సి.ఎం.సి. సంస్థ రూపొందించిన కంప్యూటరు పద్ధతి ప్రారంభమైనప్పుడు ఏ కిటికీ వద్దనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇవ్వడం సాధ్యమైనది. అక్కడ యంత్రాలు కొన్నమాట నిజమే. కాని ప్రయాణికునికి కలిగిన మేలు ఎక్కడి నుండి వచ్చినదో చూడవలెను. రిజిస్టరు ఒక బల్లకు కట్టుబడి ఉండడమనే నిర్బంధం తొలగినది. ఖాళీగా ఉన్న గుమాస్తా కాలం వినియోగంలోకి వచ్చినది.

ఆ తరువాత మరొక చిక్కు ఏర్పడినది. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు వేటికవిగా పనిచేస్తుండడం వలన ఒక కేంద్రంలోని రైళ్ళకు మరొక కేంద్రంలో టిక్కెట్టు ఇవ్వడం కష్టమైనది. దీనికి పరిష్కారంగా రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన క్రిస్ సంస్థ కాన్సర్ట్ అనే కొత్త ప్రోగ్రామును రూపొందించగా, 1994లో అది మొట్టమొదట మన సికింద్రాబాదులోనే అమలైనది. 1999 నాటికి అయిదు కేంద్రాలు పరస్పరం అనుసంధానమైనవి. అన్ని లెక్కలను ఒకే చోట ఒక మహాయంత్రంలో కుప్పపోయలేదు. ఏ ప్రాంతపు రైళ్ళ లెక్క ఆ కేంద్రంలోనే ఉండగా, ప్రశ్న మాత్రం సమాధానం ఉన్న చోటికి ప్రయాణం చేసే ఏర్పాటు జరిగినది. నాంపల్లి స్టేషనులో నిలబడి కలకత్తా నుండి బయలుదేరే రైలుకు టిక్కెట్టు అడగగలగడంలో ఈ అమరిక ఉన్నది.

మన తెలుగువాడైన రాజ్ రెడ్డిగారి పరిశోధన మూడవ నిదర్శనం. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించిన ఆయన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మానవుని మాటను యంత్రం గ్రహించే విద్యపై కృషిచేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందినారు. ఆ విశ్వవిద్యాలయంలో 1970 దశకం మధ్యలో డ్రాగన్ అనే ప్రోగ్రాము ఉండేది. పలికిన వాక్యం ఏది కావచ్చునో నిర్ణయించడానికి అది సాధ్యమైన మార్గాలన్నింటినీ అడుగడుగున లెక్కించేది. ఫలితం బాగున్నా కాలం ఎక్కువగా పట్టేది. రాజ్ రెడ్డిగారి శిష్యుడైన బ్రూస్ లవర్ 1976లో హార్పీ అనే ప్రోగ్రామును రూపొందించినారు. అందులో ప్రతి అడుగున అత్యుత్తమమైన మార్గానికి సమీపంలో ఉన్న మార్గాలను మాత్రమే నిలిపి, మిగిలినవాటిని విడిచిపెట్టే పద్ధతిని అవలంబించినారు. 1,011 పదాల పరిధిలో పలికిన వాక్యాలను హార్పీ గుర్తించగలిగినది. విడిచిన మార్గాలలో సరియైనది ఉండే అవకాశం లేకపోలేదు. ఆ చిన్న నష్టాన్ని అంగీకరించి పెద్ద లాభాన్ని పొందడమే అందులోని వివేకం. బీమ్ సెర్చ్ అనే పేరుతో ఆ పద్ధతి తరువాతి కాలంలో విస్తారంగా వ్యాపించినది.

ఇటీవలి కాలం నుండి కూడా ఒక ఉదాహరణ చెప్పుట అవసరం. గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఆన్‌లైన్ అనే వీడియో ఆట ప్రారంభం కావడానికి కొన్ని నిమిషాలు పట్టేది. ఆడేవారు తమ యంత్రం బలహీనమైనదేమోనని భావించేవారు. 2021లో ఆ కంపెనీకి సంబంధం లేని ఒక ప్రోగ్రామరు కాలం ఎక్కడ ఖర్చవుతున్నదో కొలిచి చూచినాడు. ఆటలో అమ్మకానికి ఉంచిన దాదాపు 63,000 వస్తువుల జాబితాను చదివేటప్పుడు, ప్రతి అంశం వద్ద మిగిలిన జాబితా పొడవునంతటినీ మరల మరల కొలవడం జరుగుతున్నదని, ప్రతి వస్తువును అంతకుముందు వచ్చిన వస్తువులన్నింటితో పోల్చి చూడడం జరుగుతున్నదని తేలినది. ఈ రెండవ లోపం ఒక్కటే దాదాపు 198 కోట్ల పోలికలకు దారితీస్తుంది. రెండు లోపాలను సవరించగా అతని యంత్రంపై ఆరు నిమిషాల నిరీక్షణ రెండు నిమిషాల లోపునకు దిగినది. కంపెనీ వారు ఆ సవరణను స్వీకరించి అందరికీ అందజేసినారు. లోకంలోని వేలాది ఇళ్ళలో యంత్రంపై పడిన నింద, ఒక జాబితాను చదివిన తీరుకు చెందవలసినది.

వైద్యక్రమం

ఇక నెమ్మదించిన ప్రోగ్రామును ఎదుర్కొన్న విద్యార్థి ఏమి చేయవలెను? మా అనుభవంలో ఈ క్రింది క్రమం మేలైనది.

మొదటిది, కొలత. ఊహకు తావీయరాదు. ప్రోగ్రాములోని ఏ భాగానికి ఎంత కాలం పడుతున్నదో గడియారంతో కొలవవలెను. దీనికి ప్రొఫైలర్ అనే సాధనాలు ఉన్నవి. అవి తెలియనివారు ప్రతి భాగం ఆదిలోను, అంతంలోను సమయాన్ని ముద్రించినా సరిపోతుంది. డొనాల్డ్ నూత్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో ప్రచురించిన పరిశీలనలో, ప్రోగ్రాములోని నూటికి నాలుగు వంతులకంటె తక్కువ భాగమే సాధారణంగా సగానికి పైగా కాలాన్ని ఆక్రమిస్తున్నదని వెల్లడించినారు. ఆ చిన్న భాగం ఏదో కనుగొనక ముందు చేసే మరమ్మతు చీకటిలో బాణం వేయడం వంటిది. మొత్తం కాలంలో నూటికి పది వంతులు తీసుకొనే భాగాన్ని ఎంత మెరుగుపరచినా లాభం ఆ పది వంతులకు మించదు.

రెండవది, పెరుగుదల పరీక్ష. ఖాతాదారులను, పద్దులను రెంటినీ రెండింతలు చేసి మరల నడిపి చూడవలెను. కాలం రెండింతలైతే పద్ధతి సక్రమంగానే ఉన్నదని భావించవచ్చును. నాలుగింతలైతే లోపల ఎక్కడనో చిట్టాను మరల మరల తిరగవేయడం జరుగుతున్నదని గ్రహింపవలెను. ఈ ఒక్క పరీక్షకు ఖర్చు లేదు. కొత్త యంత్రం కొనదలచిన ప్రతివారు ముందుగా దీనిని చేయించుకోవడం మంచిది.

మూడవది, ప్రయాణాల లెక్క. గిడ్డంగి నుండి నూరు బస్తాలు తేవలసినప్పుడు హమాలీని నూరు పర్యాయాలు ఒక్కొక్క బస్తా కోసం పంపము. బండి కట్టి ఒకేసారి తెప్పిస్తాము. ప్రోగ్రాములు మాత్రం తరచుగా డేటాబేసు వద్దకు ఒక్కొక్క పద్దు కోసం విడివిడిగా పోతుంటవి. ఒక్కొక్క ప్రయాణానికి సెకండులో 200వ వంతు పట్టినా, 2,000 ప్రయాణాలకు 10 సెకండ్లు గడిచిపోతవి. అన్నింటినీ ఒకే ప్రశ్నగా అడిగి తెచ్చుకొంటే ప్రయాణం ఒక్కటే. అదే విధంగా అవసరమైన నాలుగు వరుసల కోసం నలభై వరుసలు తెచ్చుకోవడం, ప్రతి బిల్లులోని ప్రతి వస్తువుకు ధరల పట్టికను కొత్తగా తెరవడం వంటి అలవాట్లను కూడా మానిపించవలెను.

నాలుగవది, ఆవర్జా ఏర్పాటు. ప్రతి పద్దు వ్రాసినప్పుడే ఖాతాదారుని బాకీని కూడా సరిదిద్ది ఉంచినట్లయితే సాయంకాలం కూడిక అక్కరలేదు. 2,000 అంకెలు చదివితే చాలును. కాని ప్రతి సౌకర్యానికి ఒక మూల్యం ఉన్నది. పద్దు ఎక్కి బాకీ మారకపోయినా, బాకీ మారి పద్దు ఎక్కకపోయినా లెక్క తప్పుతుంది. అందుచేత ఆ రెండు పనులు విడదీయరాని ఒకే చర్యగా జరగవలెను. గుమాస్తా అప్పుడప్పుడు చిట్టాను, ఆవర్జాను సరిచూచినట్లే, ప్రోగ్రాము కూడా రాత్రివేళ రెంటినీ సరిచూడవలెను. సూచికల విషయం కూడా ఇంతే. ఒక్కొక్క సూచిక వెదకడాన్ని త్వరితం చేస్తుంది గాని కొత్త పద్దు వ్రాసేటప్పుడు ఆ సూచికను కూడా సవరించవలసి ఉంటుంది. కనుక అడిగే ప్రశ్నలకు తగిన సూచికలను మాత్రమే ఉంచుకోవలెను.

అయిదవది, సరిపోల్చడం. మార్పు చేయకముందు అసలు లెక్కల నకలు తీసి భద్రపరచవలెను. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. కొత్త పద్ధతి ఇచ్చిన జాబితా పాత జాబితాతో పైసాతో సహా సరిపోవలెను. తప్పు బాకీని త్వరగా చూపే ప్రోగ్రాముకంటె సరియైన బాకీని నెమ్మదిగా చూపే ప్రోగ్రామే మేలైనది. ఇతరుల జీవనోపాధికి సంబంధించిన లెక్కలను చేతిలోకి తీసుకొన్నవారికి ఈ జాగ్రత్త ధర్మం వంటిది.

యంత్రం ఎప్పుడు కొనవలెను?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి కొత్త యంత్రం ఏనాడూ కొనరాదని మా అభిప్రాయంగా ఎవరూ గ్రహింపరాదు. మెమొరీ చాలక యంత్రం మాటిమాటికి డిస్కును ఆశ్రయిస్తున్నట్లయితే మెమొరీ చేర్చడమే చవకైన చికిత్స. తిరిగే పళ్ళెములు గల పాత హార్డ్‌డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చడం వలన అనేక పాత యంత్రాలకు కొత్త ప్రాణం వస్తుంది. దాని వెల కొత్త యంత్రపు వెలలో కొద్ది భాగమే. భాగాలు చెడిపోయి లెక్కలు పోయే ప్రమాదం ఉన్నప్పుడు, భద్రతా సవరణలు ఇక రాని స్థితిలో ఉన్నప్పుడు మార్చక తప్పదు. పద్ధతి ఉత్తమంగా ఉండి, పని నిజంగానే యంత్రశక్తిని మించినప్పుడు పెద్ద యంత్రం అవసరమే. ప్రోగ్రామును తిరిగి వ్రాసేవారి కాలానికి కూడా వెల ఉన్నదని మరువరాదు. నెలకొకసారి నడిచి రెండు నిమిషాలు తీసుకొనే పనిని సవరించడానికి రెండు వారాలు వెచ్చించడం పొదుపు అనిపించుకోదు. రోజుకు వంద పర్యాయాలు కొనుగోలుదారుని నిలబెట్టే పనిని విడిచిపెట్టడం కూడా పొదుపు కాదు. ఏది ఏ కోవకు చెందినదో కొలతయే చెపుతుంది.

నేడు యంత్రాన్ని కొనకుండా క్లౌడ్ రూపంలో అద్దెకు తీసుకొనే ఆచారం వ్యాపించినది. ఇందులో పద్ధతి లోపం మరింత ఖరీదైనది. కొన్న యంత్రానికి ఒక్కసారి చెల్లిస్తాము. అద్దె యంత్రానికి గంటగంటకు చెల్లిస్తాము. అనవసరంగా చదివిన ప్రతి కోటి పద్దులకు మాసాంతంలో బిల్లు వస్తుంది. పారవేసిన యంత్రాలు ఎలక్ట్రానిక్ వ్యర్థాలై నేలను, నీటిని కలుషితం చేసే సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థులకు ఒక మాట

ప్రోగ్రాము వ్రాయడం నేర్చుకొన్న మన విద్యార్థులలో కొందరు, తమ ల్యాప్‌టాపు పాతది గనుక తాము వెనుకబడి ఉన్నామని దిగులుపడుతుండడం మేము గమనిస్తున్నాము. వారికి మేము చెప్పదలచినది ఏమనగా, వేగమైన యంత్రం లోపాన్ని దాచిపెడుతుంది. నిదానమైన యంత్రం దానిని చూపిస్తుంది. నేర్చుకొనేవారికి చూపించే యంత్రమే ఉపకారి. చిట్టాను ఒక్కసారి చదివి పని ముగించడానికి, తగిన చోట సూచికను నిలపడానికి, ప్రయాణాలను తగ్గించడానికి కావలసినది కాగితం, కలం, ఓపిక. అవి ధనికులకు మాత్రమే లభించే వస్తువులు కావు.

రేపు ఒక దుకాణదారుడు మీ వద్దకు వచ్చి "బాబూ, ఈ డబ్బా పని అయిపోయినట్లేనా? కొత్తది కొనమంటారా?" అని అడుగవచ్చును. వెంటనే అవునని చెప్పడం తేలిక. పద్దులు ఎన్ని ఉన్నవో, జాబితాకు ఎంత కాలం పడుతున్నదో, రెండింతలైతే ఏమవుతుందో అడిగి, ఒక గంట కూర్చుండి కొలిచి చెప్పడం చదువుకొన్నవారి లక్షణం. కొలిచిన పిమ్మట కొనవలసిందేనని తేలితే ఆ మాటనే ధైర్యంగా చెప్పవచ్చును. అవసరం లేదని తేలితే ఒక కుటుంబం కష్టార్జితాన్ని నిలిపినవారమవుతాము. ఏ విధంగా చూచినా మన మాటకు ఆధారం ఉంటుంది. విన్నవారికి మన చదువుపై గౌరవం కలుగుతుంది.